షెడ్డులో పడి ఉన్న పాత క్యారవాన్ వ్యాన్‌కు ఎంత పెట్టొచ్చు?

మొన్న కాజీపేట నుంచి ఓ తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, ట్రావెలర్ క్యారవాన్ ఒకటి దొరికింది. లోపల మంచం, సింకు, ఫ్యాన్లు అన్నీ ఉన్నయ్. రెండు లక్షలకు ఇస్తమంటున్రు. తీస్కోవాల్నా?"

"ఎన్నేండ్ల సంది నిలబడ్డది?"

"మూడేండ్లు."

"రేకుల కిందనా, చెట్టు కిందనా?"

"చింతచెట్టు కింద."

"అయితే ఇంకా బయానా ఇయ్యకు. నేనొచ్చి చూస్త."

లక్నవరం చెరువు, బొగత జలపాతం, రామప్ప గుడి దిక్కు సొంతంగా పడుకునే బండి వేసుకుని పోవాలన్న ముచ్చట ఈ మధ్య మా దగ్గర చాలామందికి పుట్టింది. కొత్తది కట్టించాలంటే లక్షలకు లక్షలు. అందుకే ఎవరో ఎప్పుడో కట్టించి వదిలేసిన పాత మెటడార్ మీదనో, టెంపో ట్రావెలర్ మీదనో కన్ను పడుతుంది. తప్పు లేదు. కానీ దాని విలువ కట్టడంలో మనం ఎప్పుడూ తలకిందులుగా లెక్కేస్తాం. అమ్మేవాడు రెండు లక్షలంటే లక్షా ఎనభైకి దింపి, ఇరవై వేలు గెలిచామనుకుంటాం. అతను చెప్పిన ధర నుంచి కిందికి దిగొద్దు. తుక్కు ధర నుంచి మొదలుపెట్టి పైకి ఎక్కాలి. ఒక్కో మెట్టుకూ కారణం కనబడితేనే పై మెట్టు. ఇది నేను పరకాల దగ్గర ఓ మెటడార్‌కు 90 వేలు పోసి నేర్చుకున్న పాఠం. ఆ సంగతి కింద నీళ్ళ ముచ్చట వచ్చినప్పుడు చెప్తాను.

"వింటేజ్" అనే మాటకు ఎంత?

సున్నా. ముందు ఇది తేల్చుకుందాం, ఎందుకంటే అమ్మేవాళ్ళు ఈ మాటను తెగ వాడతారు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ బండి అంటే 50 ఏళ్ళు దాటి ఉండాలి, అసలు రూపం మారకుండా ఉండాలి. అలాంటి దానికి రిజిస్ట్రేషన్ ఫీజు 20 వేలు. పైగా దాన్ని రోజూ రోడ్డెక్కించడానికి వీల్లేదు. లోపల మంచం బిగించిన 2004 మోడల్ ట్రావెలర్ ఈ లెక్కలోకి రానే రాదు. అది పాత బండి, అంతే.

అమెరికాలో కారు వెనుక తగిలించుకునే ఎయిర్‌స్ట్రీమ్ లాంటి పాత అల్యూమినియం ట్రైలర్లకు సేకరించేవాళ్ళున్నారు, పాడైపోయినదానికీ గిరాకీ ఉంటుంది. అక్కడ కూడా పైన రేకు మెరుస్తుంటే కింద ప్లైవుడ్ కుళ్ళి, ఇనుప ఫ్రేమ్‌ను తుప్పు తినేసి ఉంటుంది. కొనేవాళ్ళు ముందు అక్కడే వంగి చూస్తారు. మనకు అలాంటి సేకరణ మార్కెట్ లేదు. ఇక్కడ ఆ బండితో ఎన్ని రోజులు తిరగగలమన్నదే దాని విలువ.

మెటడార్‌కూ ట్రావెలర్‌కూ కూడా తేడా పెట్టండి. రెండూ బజాజ్ టెంపో కంపెనీవే, అదే 2005లో ఫోర్స్ మోటార్స్‌గా పేరు మార్చుకుంది. ట్రావెలర్ 1987 నుంచి వస్తూనే ఉంది కాబట్టి సామాను దొరుకుతుంది, చేతికి అలవాటైన మెకానిక్‌లూ ఉన్నారు. మెటడార్‌కు ఇంజన్ సామాను ఎట్లాగో సర్దుకోవచ్చు గానీ ముందు అద్దం పగిలినా, డోరు పోయినా తుక్కు కొట్ల చుట్టూ తిరగాల్సిందే. మంచి మెటడార్ కన్నా మామూలు ట్రావెలర్ నయం అంటాను నేను.

ఇల్లు కదలకముందే నంబర్ అడగండి

ఫొటోలు తర్వాత, ముందు నంబర్. రవాణా శాఖ వెబ్‌సైట్లో కొడితే రిజిస్ట్రేషన్ ఎప్పటిదాకా ఉంది, ఏ తరగతి బండి, ఫైనాన్స్ ఉందా లేదా కనబడుతుంది. పోలీసుల ఈ-చలాన్ సైట్లో చలాన్లు తెలుస్తాయి. ఏపీ 36 ఉంటే ఉమ్మడి వరంగల్ బండి, 2014కు ముందుది. ఆ నంబర్‌తో ఇబ్బందేమీ లేదు. ఎంహెచ్, అంటే మహారాష్ట్ర నంబర్ అయితే జాగ్రత్త. కాళేశ్వరం దాటితే సిరోంచ, ఆదిలాబాద్ దాటితే చంద్రాపూర్, అటు నుంచి చవగ్గా బండ్లు వస్తుంటాయి. ఏడాదికి మించి ఇక్కడ ఉంచుకోవాలంటే అక్కడి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చి, ఇక్కడ మళ్ళీ పన్ను కట్టి, కొత్త నంబర్ వేయించుకోవాలి. చవగ్గా వచ్చిన డబ్బులు అక్కడే పోతాయి.

ఆర్సీలో నాలుగు సంగతులు చూడండి.

మొదటిది, తెల్ల ప్లేటా (సొంత బండి), పసుపు ప్లేటా (కిరాయి బండి). మ్యాక్సీ క్యాబ్‌గా, అంటే జనాన్ని ఎక్కించుకునే కిరాయి వ్యాన్‌గా తిరిగిన బండికి మూడు నెలలకోసారి పన్ను ఉంటుంది. బండి ఆపేశామని ఆఫీసులో రాసివ్వకపోతే, చెట్టు కింద నిలబడ్డ బండి మీద కూడా ఆ పన్ను పెరుగుతూనే ఉంటుంది, దాని మీద జరిమానా. "ఎక్కడికీ తిరగలేదు కదా సార్" అంటే ఎవరూ వినరు. ఎనిమిదేళ్ళు దాటినదానికి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి.

రెండోది, గడువు. తెల్ల ప్లేటుకు మొదట 15 ఏళ్ళు, ఆ తర్వాత ఐదేసి ఏళ్ళు పొడిగించుకోవాలి. 20 ఏళ్ళు దాటిన కార్లు, వ్యాన్ల లాంటి తేలికపాటి బండ్లకు ఆ ఫీజును 2025 ఆగస్టులో 10 వేలకు పెంచారు. గ్రీన్ ట్యాక్స్, ఆలస్యానికి కట్టేది వేరే.

మూడోది, లోపల మార్చిన సంగతి ఆర్సీలో ఎక్కిందా? కంపెనీ ఇచ్చిన రూపాన్ని అనుమతి లేకుండా మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. ఆర్సీలో 12 సీట్లు, లోపల ఒక మంచం, ఒక పొయ్యి అంటే ఫిట్‌నెస్ రోజున ఆ సీట్లన్నీ మళ్ళీ బిగించమంటారు.

నాలుగోది, ఓనర్ ఉన్నాడా? నవ్వకండి. షెడ్డుల్లో పడి ఉన్న బండ్లలో చాలావాటికి ఓనర్ కాలం చేసి ఉంటాడు, కొడుకులు అమ్ముతుంటారు. ముందు ఫారం 31తో వారసుడి పేరుకు మారాలి, ఆ తర్వాతే మీ పేరుకు. అన్నదమ్ముల్లో ఒకడు దుబాయ్‌లో ఉండి సంతకం పెట్టకపోతే మీ డబ్బు ఇక్కడ ఇరుక్కుంటుంది. "ఫైనాన్స్ ఎప్పుడో అయిపోయింది" అన్నా ఆర్సీ మీద హెచ్‌పీ (బండి మీద అప్పు ఉందనే గుర్తు) అలాగే ఉంటే, ఫారం 35, ఫైనాన్స్ కంపెనీ ఎన్ఓసీ వాళ్ళే తెచ్చి ఇవ్వాలి.

కారుకు తగిలించుకునే ట్రైలర్ రకం క్యారవాన్ దొరికినా ఇదే మాట. చట్టం ప్రకారం ట్రైలర్‌కు వేరే రిజిస్ట్రేషన్ ఉండాలి. వెల్డింగ్ షాపులో కట్టించి నంబర్ లేకుండా వదిలేసినదైతే దాన్ని చక్రాలున్న మంచం కింద లెక్కేసి, ఇనుము బరువుకు మించి ఒక్క రూపాయి ఇవ్వకండి.

చూడబోయేటప్పుడు

పొద్దున్నే పోండి. అప్పటికింకా ఇంజన్ చల్లగా ఉంటుంది. వెంట ఒక టార్చి, పాత స్క్రూడ్రైవర్, బట్టలో చుట్టిన చిన్న అయస్కాంతం, పరుచుకోవడానికి ఖాళీ ఎరువుల సంచి, తెల్ల కాగితం, పెన్సిల్, రెండు బకెట్లు. మెకానిక్‌ను తీసుకెళ్తే ఇంజన్ చూసి "మస్తుంది" అంటాడు. కుదిరితే టింకరింగ్, అంటే బండి రేకు పని చేసే మనిషిని తీసుకెళ్ళండి, ఈ బండ్ల జాతకం అతని చేతిలో ఉంటుంది.

మొదట చాసిస్ నంబర్. తుడిచి, కాగితం పెట్టి, పెన్సిల్‌తో పక్కకు రుద్దండి. ఆర్టీఏ ఆఫీసులో చేసేది కూడా ఇదే. అంకెలు సమానంగా, ఒకే లోతుతో కాగితం మీద తేలాలి. ఒక అంకె పక్కన అరగదీసిన గీతలు కనబడినా, చుట్టూ కొత్త పెయింట్ ఉన్నా బకెట్లు బయటికి తీయాల్సిన పని లేదు, ఇంటికి రావచ్చు.

నీళ్ళు ఎక్కడెక్కడ పోయాయి?

ఇక్కడ గంట సేపు ఉండండి. ఇలాంటి బండిని చంపేది కిలోమీటర్లు కావు, నీళ్ళు. ఇంజన్ చెడితే బోరు చేయించొచ్చు. టాపు కారి ఐదు వానాకాలాలు గడిచిన బండికి రేకు, ప్లైవుడ్, వైరింగు, ఫోము, ఫ్లోరు అన్నీ ఒకేసారి పోతాయి.

నా మెటడార్‌ను నేను ఏప్రిల్‌లో చూశాను. ఎండకు అంతా కరకరలాడుతూ ఉంది, లోపల కొత్త వాల్‌పేపర్, కొత్త వాసన. జూన్‌లో లక్నవరం గట్టున పడుకున్న రాత్రి వాన మొదలైంది. ముందు కర్టెన్ రాడ్డు మీద ఒక చుక్క. అది రాడ్డు వెంట మెల్లగా పాకి, కొక్కెం దగ్గర ఆగి, బరువెక్కి మా ఆవిడ చెవి మీద పడింది. తెల్లారేసరికి పరుపు పిండితే బకెట్ నిండేలా ఉంది. వాల్‌పేపర్ పీకి చూస్తే ప్లైవుడ్ తడిసిన అట్టలా పొరలు పొరలుగా ఊడొచ్చింది. ఆ వాల్‌పేపర్ ఎందుకు అంటించారో అప్పుడు అర్థమైంది.

కాబట్టి కొత్త వాల్‌పేపర్, కొత్త మ్యాటు, గుప్పున కొట్టే సెంటు, ఈ మూడింట్లో ఏది కనబడినా దాని వెనుకే వెతకండి. మూలల్లో ప్లైవుడ్‌ను బొటనవేలితో నొక్కండి. గట్టిగా ఉండాలి. మెత్తగా లోపలికి పోతే అది కుళ్ళింది. అంచులు ఉబ్బితే నీళ్ళు తాగింది. సన్నటి మట్టి గీతలు కనబడితే చెదలు కూడా చేరినట్టే. మంచం కింద పెట్టె తీయించి ఫ్లోరు మీద నిలబడి మడమతో తొక్కండి. అడుగు అడుగుకూ ఒకే చప్పుడు రావాలి.

టాపు పైకి ఎక్కి చూడండి. ఏసీ కోసం కోసిన కంత, క్యారియర్ బోల్టులు, సోలార్ ప్లేటు బిగించిన రంధ్రాలు, కారేది ఎక్కువగా ఇక్కడే. చెట్టు కింద ఉన్న బండికి వాన నీళ్ళు పోయే అంచు కాలువల్లో ఆకు చెత్త పేరుకుని ఎరువులా అవుతుంది. కాజీపేట బండిలో చింతాకు రెండు వేళ్ళ మందాన ఉంది. దాన్ని గీకి స్క్రూడ్రైవర్‌తో మెల్లగా పొడిచాను. పొడవడం కూడా కాదు, ఆనించానంతే, పిడి దాకా దిగిపోయింది. తమ్ముడి ముఖం మాడిపోయింది.

తర్వాత బకెట్ల పని. ఒకరు టాపు మీద, ముందు అద్దం పైన, కిటికీల మీద పావుగంట నీళ్ళు పోస్తూ ఉండాలి, పైపు ఉంటే ఇంకా మంచిది. మీరు లోపల తలుపులు మూసుకుని టార్చి పట్టుకుని కూర్చోండి. అమ్మేవాడు దీనికి ఒప్పుకోకపోతే టాపు కారుతుందనే లెక్క రాసుకోండి.

మన ప్రాంతానికి ఇంకో పరీక్ష ఉంది, వరద. 2020 ఆగస్టులో, 2023 జులైలో వరంగల్, హనుమకొండ కాలనీలు ఎట్లా మునిగాయో తెలిసిందే. 2023లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది, భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి ఊరికి ఊరే నీళ్ళలో ఉంది. మునిగిన బండ్లను కడిగి, పెయింట్ కొట్టి అమ్మినవాళ్ళున్నారు. సీటు బెల్టును చివరిదాకా లాగండి, లోపలి మడతలో బురద చార కనబడుతుంది. హెడ్‌లైట్ అద్దం లోపల, డ్యాష్‌బోర్డు వెనుక వైర్ల గుత్తిలో సన్నటి ఒండ్రు ఉంటుంది. సీటు బోల్టులు మోకాలి ఎత్తు వరకు ఒకే రంగు తుప్పులో ఉంటే నీళ్ళు అక్కడిదాకా వచ్చాయి.

సంచి పరిచి కిందికి దూరండి

అయస్కాంతంతో బండి చుట్టూ నడవండి, ముఖ్యంగా చక్రాల పైన, తలుపుల కింద. పట్టుకోకుండా జారిపోయిన చోట రేకు లేదు, పుట్టీ ఉంది. ఫైబర్ టాపు మీద ఎలాగూ అంటదు, కంగారు పడకండి. వేలితో కొడితే రేకు "టంగ్" అంటుంది, పుట్టీ "ధబ్" అంటుంది.

కింద చాసిస్ రెండు పట్టీలనూ ఈ చివర నుంచి ఆ చివర దాకా టార్చితో చూడండి. పైపై ఎర్ర తుప్పు ఫర్వాలేదు. పొరలుగా ఊడే తుప్పు పనికిరాదు. కమాన్ కట్టలు (చక్రాల పైన ఉండే స్ప్రింగు పట్టీలు) చాసిస్‌కు తగిలే చోట పగుళ్ళు, కొత్త వెల్డింగ్ చూడండి. లోపల నీళ్ళ ట్యాంకు, ఇనుప బీరువా లాంటివి పెట్టి ఒక పక్క బరువు పెంచిన బండి చదును నేల మీద కూడా ఒక పక్కకు వాలుతుంది. అండర్‌కోటింగ్ పేరుతో అంతా నల్లగా కొత్తగా పూసి ఉంటే, రెండు చోట్ల గీకి చూడనివ్వమని అడగండి. చాసిస్ పగిలితే ఇంక లెక్కలు అక్కర్లేదు, తుక్కు ధర.

టైర్ల గీతలు చూసి మోసపోవద్దు. పక్కన చివరి నాలుగంకెలు చదవండి. 1916 అని ఉంటే 2016లో 19వ వారంలో తయారైంది. గీతలు కొత్తగా ఉన్నా ఆ రబ్బరు మేడారం దాకా కూడా నమ్మేది కాదు.

ఇంజన్

అందరూ ఇక్కడే మొదలుపెడతారు, నేను ఇక్కడ తక్కువ సేపు ఉంటాను. ఏళ్ళ తరబడి ఆగిన బండిని వెంటనే సెల్ఫ్ కొట్టనివ్వకండి. ఆయిల్ చూసి, క్రాంక్ పుల్లీ బోల్టుకు స్పానర్ వేసి చేత్తో తిప్పించండి. తిరిగితే ప్రాణం ఉంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాల టీ రంగులో ఉంటే నీళ్ళు కలిశాయి, హెడ్ పని ఉంది. స్టార్ట్ అయ్యాక ఆయిల్ పోసే మూత తీస్తే అక్కడి నుంచి బుస్సుబుస్సుమని పొగ తన్నితే రింగులు, బోరు అయిపోయాయి. నీలం పొగ వచ్చినా అదే మాట. మీరు వెళ్ళేసరికి ఇంజన్ వేడిగా ఉంటే, ఎందుకు ముందే స్టార్ట్ చేశారని అడగండి. అసలు స్టార్టే కాకపోతే పూర్తి ఇంజన్ పని ఖర్చు రాసుకోండి, "బ్యాటరీ ఒక్కటే ప్రాబ్లం" అనే మాటకు ధర లేదు.

లోపలి సామాను

"లోపల లక్షన్నర పెట్టినం" అంటారు. నిజమే కావచ్చు. అది వాళ్ళ ముచ్చట ఖర్చు. పాత ఫోము, ఉబ్బిన ప్లైవుడ్, ఎక్కడెక్కడో ముడేసిన వైర్లు, గ్యాస్ పైపు, అన్నీ మీరు పీకేసేవే. పీకడానికి కూలీ కూడా మీదే. పని చేసే ఏసీ, ఇన్వర్టర్, సోలార్ ప్లేటు ఉంటే వాటిని విడిగా అమ్మితే ఎంత వస్తుందో అంత రాసుకోండి, మిగతాదంతా సున్నా.

ఇప్పుడు కాగితం మీద లెక్క

మూడు అంకెలు కావాలి. మొదటిది తుక్కు ధర. వేబ్రిడ్జి మీద తూకం వేస్తే మంచిది, ఏనుమాముల మార్కెట్ దిక్కు పోతే కాటాలకు కొదవ లేదు. ఆ రోజు ఇనుము రేటు రెండు మూడు కొట్లలో అడగండి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రంలో ఇస్తే సర్టిఫికెట్ వస్తుంది. దానితో కొత్త బండి పన్నులో సొంత బండికైతే 25 శాతం దాకా, కమర్షియల్‌కు 15 శాతం దాకా రాయితీ ఇవ్వొచ్చని కేంద్రం నిబంధన. రెండోది, అదే మోడల్, నడుస్తున్న, కాగితాలు సరిగా ఉన్న బండి మన దగ్గర ఎంతకు పోతుంది. ప్రకటనల్లో అడిగే ధర కాదు, చేతులు మారే ధర. మూడోది మీ బండిని ఆ స్థితికి తేవడానికయ్యే ఖర్చు. ఆటోనగర్‌లో పని పనికీ విడిగా అడిగి రాయించుకోండి.

ఉదాహరణకు రెండు ట్రావెలర్లు, ఒకే ఏడాదివి. ఇవి లెక్క కోసం నేననుకున్న అంకెలే, మీ చోట మీరు మార్చుకోండి. తుక్కు: 2,000 కిలోలు, కిలో 28 అనుకుంటే 56,000. బాగున్న బండి ధర 4,50,000 అనుకుందాం.

టాపు కారిన బండికి టింకరింగ్, పెయింటింగ్ 1,10,000, ఇంజన్ 60,000, టైర్లు ఐదు 30,000, వైరింగ్ 20,000, లోపలి పని 80,000, పన్నులు, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ 45,000. మొత్తం 3,45,000. విప్పాక బయటపడేవాటికి పావు వంతు కలపండి, ఇది తప్పనిసరి. 4,31,250 అయింది. బాగున్న బండి ధరలోంచి తీస్తే మిగిలేది 18,750. అంటే తుక్కు కన్నా తక్కువ! అలాంటి బండికి బండిగా విలువ లేదన్నమాట, ఇనుము ధరకే మాట్లాడాలి.

రెండో బండిలో అంతా అదే, టాపు మాత్రం కారలేదు. టింకరింగ్ 35,000, లోపలి పని 25,000, మిగతావి మారవు. మొత్తం 2,15,000, పావు వంతు కలిపితే 2,68,750. మిగిలేది 1,81,250. ఇంజన్లు రెండూ ఒకటే, మోడల్ ఒకటే, తేడా లక్షా అరవై రెండున్నర వేలు. ఆ పావుగంట బకెట్ నీళ్ళ విలువ అది. ఈ 1,81,250 కూడా మీరు ఇవ్వాల్సిన ధర కాదు, దాటకూడని గీత. నెలల తరబడి షెడ్డుల చుట్టూ తిరిగే మీ టైముకు కొంత తీసేసి లక్షా ఇరవై దగ్గర మొదలుపెట్టండి.

బేరం, బయానా

అమ్మేవాళ్ళ ముందు బండిని తిట్టకండి. "మా బాపు ముచ్చటపడి కట్టించుకున్నడు" అంటుంటే ఆ మాటను తీసిపారేయొద్దు. కాగితం చూపించి, ఖర్చులు ఒక్కోటి చదివి, ఇంతకు మించి నాకు గిట్టదు కాకా అనండి. స్క్రూడ్రైవర్ దిగిన చోటు వాళ్ళూ చూశారు కదా.

బయానా ఐదు వేలకు మించొద్దు, రాసుకోకుండా ఇవ్వొద్దు. పన్ను బాకీ, చలాన్లు, ఫైనాన్స్ ఎవరు తీర్చాలో ఆ కాగితంలోనే ఉండాలి. మిగతా డబ్బు పేరు మార్పిడికి పెట్టే ఫారం 29, 30 మీద సంతకాలై, ఆర్టీఏ స్లాట్‌కు ఓనర్ వచ్చిన రోజునే. ఇన్సూరెన్స్ లేని బండిని "ఊళ్ళోకే కదా" అని తోలుకు రావద్దు, రికవరీ బండి మీద ఎక్కించండి, ఆ కిరాయి కూడా లెక్కలో రాసుకోండి.

కాజీపేట బండికి మేం 60 వేలు చెప్పాం. బండి కట్టించుకున్న పెద్దాయన కొడుకు నవ్వి, రెండు లక్షలకు ఒక్క రూపాయి తగ్గనన్నాడు. నెల తర్వాత తమ్ముడికి అతనే ఫోన్ చేశాడు, లక్షా ఇరవైకి ఇస్తానని. తమ్ముడు నా వైపు చూశాడు. నేను కాగితం తీసి చూపించాను. 60 వేలు అని రాసిన చోట ఇంకా 60 వేలే ఉంది. మధ్యలో రెండు వానలు కూడా పడ్డాయి.